చీకటి గది: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఫిల్ము కడగడం, ప్రింట్లు వేయడం

కెమెరాలో వెలుతురు తగిలిన ఫిల్మును మందు నీళ్ళలో కడిగి నెగిటివ్ తీయడానికీ, ఆ నెగిటివ్ మీంచి కాగితం మీద ఫొటో వేయడానికీ వాడే గది చీకటి గది. స్టూడియోల వాళ్ళు డార్క్‌రూమ్ అనే పిలిచారు. డిజిటల్ కెమెరాలు రాకముందు, ముందు గదిలో తెర, స్టూలు, లైట్లు పెట్టుకున్న ప్రతి ఫొటో స్టూడియోకూ వెనక ఇలాంటి గది ఒకటి ఉండేది. అందులోని రసాయనం ప్రపంచమంతటా ఒకటే. అయితే కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఎండ, ఉక్క, ఉప్పునీళ్ళు ఈ పనికి వేరే లెక్కలు నేర్పాయి. ఫిల్ము డబ్బాలో వచ్చే సూచనల కాగితం 20 డిగ్రీల నీళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినది. మే నెలలో ఇక్కడి ట్యాంకు నీళ్ళు దానికి పది పదిహేను డిగ్రీలు పైనే ఉంటాయి. ఆ తేడాను అనుభవంతో సర్దుకోవడంలోనే ఈ ప్రాంతపు చీకటి గదుల అసలు పనితనం ఉంది.

మూడు ఊళ్ళు

తెనాలి విజయవాడ–గూడూరు రైలు మార్గం మీది జంక్షన్. రేపల్లెకు వెళ్ళే లైను ఇక్కడే చీలుతుంది. బాపట్ల అదే ప్రధాన మార్గం మీద ఇంకా దక్షిణాన ఉంది. మూడూ గుంటూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు బాపట్ల, రేపల్లె అందులో చేరాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

ఫొటోల గిరాకీ ఈ ఊళ్ళలో ఒక్కో తీరుగా పెరిగింది. తెనాలి నాటకాల ఊరు, అచ్చు యంత్రాల ఊరు. చక్రపాణి ‘యువ’ పత్రిక మొదలుపెట్టింది ఇక్కడే. బుర్రిపాలెం నుంచి కృష్ణ, మోరంపూడి నుంచి జగ్గయ్య, తెనాలి నుంచే శారద సినిమాల్లోకి వెళ్ళారు. నాటక సమాజాల వాళ్ళకు వేషంలో దిగిన ఫొటో బతుకుదెరువులో భాగం: కాంట్రాక్టరుకు చూపించాలి, కరపత్రంలో వేయించాలి. కరపత్రంలోకి ఎక్కాలంటే ఫొటోను జింకు బ్లాకుగా మార్చాలి, ఆ బ్లాకు తయారీకి కూడా చీకటి గదే కావాలి. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వచ్చింది. చదువుల ఊరికి దరఖాస్తు ఫొటోలు, హాల్ టికెట్ ఫొటోలు, ఏడాది చివర గ్రూపు ఫొటోలు తప్పవు. రేపల్లె చుట్టుపక్కల పల్లెలకు కేంద్రం. పెళ్ళి ఫొటోలు, పెళ్ళిచూపులకు పంపే ఫొటోలు, పోయినవాళ్ళ పటాలు అక్కడి పనిలో ముఖ్యమైనవి. 1993 నుంచి ఓటరు గుర్తింపు కార్డుకు కూడా ఫొటో అవసరమైంది.

అంతకుముందు

వెండి లవణాలను కరిగించే గుణం హైపోకు (సోడియం థయోసల్ఫేట్‌కు) ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. 1839లో ఫొటోగ్రఫీ బయటపడగానే ఆ గుణం అక్కరకు వచ్చింది: బొమ్మను వెలుతురులో కూడా చెదరకుండా నిలిపేది హైపోయే. గుంటూరు సీమకు సంబంధించిన తొలి గొప్ప ఫొటోలు 1858 నాటివి. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు తరలించిన శిల్పాలను, మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ ఆ ఏడాది అక్కడి మ్యూజియంలో ఫొటోలు తీశాడు. అవి తీసింది మద్రాసులోనే అయినా, బొమ్మలోని రాయి మాత్రం మన కృష్ణ ఒడ్డుదే.

1851 నాటి తడి పలక పద్ధతిలో గాజు మీద మందు పూసి, ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే కడగాలి. ఫొటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్తే చీకటి గుడారం కూడా అక్కడికి వెళ్ళాల్సిందే. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ పూసిన పొడి పలకను ప్రతిపాదించాక ఆ తొందర పోయింది. పలకలు ముందే కొని దాచుకోవచ్చు, తీరిగ్గా కడగవచ్చు. తెలుగు నేల మీద ఈ మార్పును గట్టిగా అందిపుచ్చుకున్నవాడు రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆయన 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్త్రీలే నడిపే స్టూడియో తెరిచాడు. ఆయన గాజు పలకలు చాలా భాగం ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. చిన్న ఊళ్ళ స్టూడియోల పలకలకు ఆ అదృష్టం దక్కలేదు.

ఫిల్ము కడగడం

ఫిల్ము అంటే పారదర్శకమైన పట్టీ మీద జెలటిన్ పొర. ఆ పొరలో సిల్వర్ బ్రోమైడ్ గింజలు చెదిరి ఉంటాయి. వెలుతురు తగిలిన గింజలో కొన్ని వెండి పరమాణువులు మాత్రమే విడివడతాయి, కంటికి ఏమీ కనిపించదు. డెవలపర్ ఆ గింజను పట్టుకుని మొత్తం వెండిగా మారుస్తుంది, వెలుతురు తగలని గింజను వదిలేస్తుంది. ఆ వదిలేసిన గింజల్ని హైపో కరిగించి బయటికి తీస్తుంది. మిగిలిన నల్లటి వెండే నెగిటివ్.

కొడాక్ 1927లో తెచ్చిన డి-76 ఫిల్ము డెవలపర్లలో అందరికీ తెలిసినది. లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. పొట్లం కొనే స్తోమత లేని స్టూడియో విడి మందులు తెచ్చి చిన్న త్రాసులో తూచుకుని కలుపుకోవచ్చు. కలపడంలో వరస తప్పకూడదు. సల్ఫైట్ నిండుగా ఉన్న నీళ్ళలో మెటాల్ సరిగ్గా కరగదు, కాబట్టి చిటికెడు సల్ఫైట్ వేసి, మెటాల్ కరిగించి, తర్వాతే మిగతా సల్ఫైట్ వేస్తారు. హైపో ఇంకా తేలిక: లీటరుకు 250 గ్రాములు, దాంతో పాటు 25 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్. హైపో పలుకులు కరిగేటప్పుడు నీళ్ళు చల్లబడతాయి. వేసవిలో ఈ ప్రాంతపు చీకటి గదికి దానంతటది దొరికే చలవ అదొక్కటే.

120 సైజు రోలు కడగడానికి మూతల ట్యాంకు ఉండాలన్న నియమం లేదు. చాలా స్టూడియోలు ట్రేలోనే కానిచ్చాయి. లైటు ఆర్పి, రోలు వెనక ఉన్న నల్ల కాగితాన్ని విడదీసి, అతుకు పీకి, ఫిల్ము రెండు కొసలకూ క్లిప్పులు తగిలిస్తారు. మొదట మామూలు నీళ్ళలో తడిపితే గాలి బుడగలు పోతాయి. తర్వాత డెవలపర్ ట్రే మీద రెండు చేతులతో పట్టుకుని, మందు పూసిన వైపు పైకి ఉండేలా ఫిల్మును వేలాడదీస్తారు. కుడి చెయ్యి లేస్తే ఎడమ చెయ్యి దిగుతుంది, ఎడమది లేస్తే కుడిది దిగుతుంది. ఫిల్ము అడుగు భాగం ట్రేలోని మందును తాకుతూ అటూ ఇటూ జారుతుంది. ఏడెనిమిది నిమిషాలు చేతులు ఆగకూడదు. ఆగిన చోట మచ్చ పడుతుంది. గోడ గడియారం కనపడదు కాబట్టి మనసులో అంకెలు లెక్కపెట్టుకోవాలి, లేదా రేడియం ముళ్ళ గడియారం ఉండాలి. సగం సమయం దాటాక ముదురు ఆకుపచ్చ బల్బు ఒక్క క్షణం వెలిగించి, ముఖాలు ఎంత నల్లబడ్డాయో చూసి, చాలు అనుకుంటే హైపోలోకి మార్చేస్తారు. ఆ ఒక్క క్షణపు చూపులో నెగిటివ్‌ను అంచనా కట్టడానికి ఏళ్ళ సాధన కావాలి, పుస్తకం చదివితే రాదు.

వేడి, నీళ్ళు

నీటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే ఫిల్ము కడిగే సమయం సుమారు పదో వంతు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పట్టే ఫిల్ము 30 డిగ్రీల దగ్గర మూడు నిమిషాల లోపే అయిపోతుంది. అంత తొందరలో మందు అన్ని చోట్లా సమంగా పనిచేయదు. ఆకాశం చారలు చారలుగా వస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం జెలటిన్‌ది. వేడి నీళ్ళలో అది ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలితే లేచివస్తుంది, అంచుల దగ్గర మడతలు పడి ఊడుతుంది. వెచ్చటి డెవలపర్‌లోంచి చల్లటి నీళ్ళలోకి ఒక్కసారిగా మారిస్తే పొరంతా సన్నని గీతలుగా బీటలు వారుతుంది. ఒకసారి బీటలు వారిన నెగిటివ్‌ను బాగుచేసే మందు లేదు.

దీనికి విరుగుళ్ళు ఉన్నాయి. వేడి దేశాల కోసం కంపెనీలు ఇచ్చిన సూత్రాల్లో డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలుపుతారు. అది జెలటిన్‌ను ఉబ్బనీయదు. డెవలపర్‌కూ హైపోకూ మధ్య క్రోమ్ ఆలం నీళ్ళలో ముంచితే పొర గట్టిపడుతుంది. మంచు ఇంకో దారి. చేపల వ్యాపారం ఉన్న తీరం కాబట్టి ఐసు ఫ్యాక్టరీలకు కొదవలేదు. అయితే ఐసు ముక్క డెవలపర్‌లో వేయకూడదు, కరిగి మందును పలచన చేస్తుంది. పెద్ద ట్రేలో ఐసు నీళ్ళు పోసి, అందులో మందు ట్రే పెట్టాలి. కొత్త కుండలో నీళ్ళు చల్లబరచడం రాయలసీమలో పనిచేసినంతగా ఇక్కడ పనిచేయదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే కుండ చెమర్చిన నీరు త్వరగా ఆవిరి కాదు, ఆవిరి కాకపోతే చలవ లేదు. అన్నిటికంటే తేలికైన ఉపాయం వేళ మార్చుకోవడం. తెల్లవారుజామున నీళ్ళు చల్లగా ఉంటాయి, వీధిలో దుమ్ము లేవదు, వోల్టేజి నిలకడగా ఉంటుంది.

ఈ ప్రాంతపు చిక్కంతా ఒకే రుతువులో ముడిపడింది. పెళ్ళి ముహూర్తాలు ఎక్కువగా వచ్చేది వైశాఖం, జ్యేష్ఠాల్లో. ఎండ ముదిరేదీ అప్పుడే. సాగు అయిపోయాక కాలువలు కట్టేసేదీ అప్పుడే. తెనాలి ఊరి మధ్య నుంచి మూడు కాలువలు పారుతాయి, అయినా వేసవిలో నీళ్ళకు వెతుక్కోవాల్సి వస్తుంది. తీరానికి దగ్గరైన బాపట్ల, రేపల్లె వైపు బోర్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ ఫిల్ములు కడగాల్సిన రెండు నెలలే ఆ పనికి అన్ని విధాలా ప్రతికూలమైన నెలలు. డెల్టా స్టూడియోల పనిని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మరవకూడదని నా అభిప్రాయం. అప్పటి పెళ్ళి ఆల్బమ్‌లో నెగిటివ్ మచ్చ లేకుండా వచ్చిందంటే, ఎవరో ఒకరు ఎండాకాలపు తెల్లవారుజామున లేచి నీళ్ళు తోడుకున్నారన్నమాట.

నీళ్ళు తక్కువైనప్పుడు పారే నీటిలో గంటసేపు కడగడం కంటే, నీళ్ళు మార్చి మార్చి కడగడం మేలు. ఇల్‌ఫోర్డ్ కంపెనీ సూచించిన పద్ధతిలో ట్యాంకు మూడుసార్లు మాత్రమే నింపుతారు. మొదటిసారి 5 సార్లు, రెండోసారి 10 సార్లు, మూడోసారి 20 సార్లు తలకిందులు చేసి పారబోస్తారు. ఉప్పునీటి సంగతి మరీ ఆసక్తికరం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల మీద మంచినీళ్ళు పొదుపు చేయాల్సి వచ్చి సముద్రపు నీటిలో కడిగినప్పుడు, హైపో మంచినీటిలో కంటే త్వరగా వదులుతుందని తేలింది. ఆ తర్వాతే కంపెనీలు హైపోను త్వరగా వదిలించే ప్రత్యేక మందులు అమ్మాయి. అంటే తీరం వైపు బోరు నీళ్ళను చీకటి గదికి పనికిరావని పారబోయనక్కరలేదు. ముందు కడుగు వాటితో కానిచ్చి, చివర మంచినీళ్ళతో ఉప్పు పూర్తిగా పోయేలా కడిగితే సరిపోతుంది. హైపో పోయిందో లేదో చూడడానికి పలచటి పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళలో ఫిల్ము నుంచి కారే చుక్కలు పడనిస్తారు. గులాబీ రంగు విరిగిపోతే ఇంకా కడగాలి.

ప్రింట్లు వేయడం

బ్రోమైడ్ కాగితానికి ఎరుపు కనిపించదు. అందుకే ప్రింట్లు వేసేటప్పుడు ఎర్ర బల్బు వెలిగించుకోవచ్చు. నెగిటివ్ ఎంతో ఫొటో అంతే చాలనుకుంటే రెంటినీ అంటించి వేసే కాంటాక్ట్ పెట్టె సరిపోతుంది. పైన అద్దం, లోపల ఒక ఎర్ర బల్బు, ఒక తెల్ల బల్బు, మూత నొక్కితే తెల్లది వెలుగుతుంది. లియో బేక్‌లాండ్ 1893లో తయారుచేసిన వెలాక్స్ లాంటి కాగితాలు మందకొడివి కాబట్టి మసక వెలుతురులో కూడా వీటితో పని జరిగేది. పెద్దది కావాలంటే ఎన్‌లార్జర్. వోల్టేజి పడిపోతే దాని బల్బు మసకబారి పది సెకన్ల లెక్క తప్పుతుంది, అందుకని పక్కన స్టెబిలైజర్ పెట్టుకున్నారు.

కాగితం చివర చిన్న ముక్క కత్తిరించి, దాని మీద రెండేసి సెకన్లు పెంచుతూ వెలుతురు పట్టి, కడిగి చూసి, ఎన్ని సెకన్లు కావాలో తేల్చుకుంటారు. వెలుతురు పట్టిన కాగితాన్ని డెవలపర్‌లోకి జార్చి ట్రే మూల మెల్లగా ఎత్తి దించుతుంటే, కాసేపటికి ముందు జుట్టు, కనుబొమలు, కోటు మడతలు తేలతాయి; ముఖం ఆ తర్వాత. ఎర్ర వెలుతురులో ప్రింటు ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు నల్లబడిపోతోందని కంగారుపడి ముందే తీసేస్తాడు, తీరా బయట చూస్తే బొమ్మ వెలవెలబోతుంది. ఒకటిన్నర, రెండు నిమిషాలు ఉంచాల్సిందే. వేసవిలో బొమ్మ దూసుకొస్తుంటే పొటాషియం బ్రోమైడ్ కాస్త పెంచి పగ్గం వేస్తారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న రైతు ఫొటోలో బట్టలు తెల్లగా తేలిపోకుండా, ముఖం నల్లబడకుండా చూడడం అన్నిటికంటే కష్టం. ఎన్‌లార్జర్ కింద ముఖానికి అరచెయ్యి అడ్డం పెట్టి కదిలిస్తూ, బట్టలకు మాత్రం అదనంగా కొన్ని సెకన్లు వెలుతురు ఇస్తారు.

ప్రింటు కడిగాక మెరుపు. క్రోమియం పూత ఉన్న నున్నటి రేకు మీద తడి ప్రింటు బోర్లా పరచి, రబ్బరు రోలరుతో నీళ్ళు, గాలి లేకుండా నొక్కుతారు. ఆరాక ప్రింటు టప్‌మని దానంతటదే ఊడివస్తుంది, అద్దంలా మెరుస్తుంది. కింద చిన్న బుడగ మిగిలితే అక్కడ మెరుపులేని మచ్చ. రంపపు పళ్ళ అంచు కట్టరుతో నాలుగు వైపులా కత్తిరిస్తే అప్పటి ఇళ్ళలో కనిపించే ఫొటో తయారు.

రీటచింగ్ వేరే విద్య. నెగిటివ్ వెనక నుంచి వెలుతురు పడే బల్ల దగ్గర కూర్చుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టి మశూచి మచ్చలు, కళ్ళ కింది నలుపు తగ్గించేవారు. నెగిటివ్‌లో నలుపు పెడితే ప్రింటులో తెలుపు వస్తుంది కాబట్టి చెయ్యి ఎప్పుడూ తలకిందుల ఆలోచనతో నడవాలి. పెళ్ళిచూపుల ఫొటోల్లో ఈ చెయ్యి అవసరానికి మించి పడింది. అసలు ముఖంలోని కళను చెరిపేసిన ఫొటోలు ఎన్నో ఉన్నాయి.

సరుకు, కలర్ రాక

1960లో ఊటీలో ప్రభుత్వ రంగంలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఏర్పడింది. ఫ్రాన్సు సంస్థ బోషే సాంకేతిక సహకారంతో 1967లో ఉత్పత్తి మొదలై, ‘ఇందు’ పేరుతో ఫిల్ము, కాగితం, ఎక్స్‌రే ఫిల్ము దేశమంతా అందాయి. ఫిల్ము పూత పూయడానికి చల్లటి, దుమ్ములేని గాలి కావాలి, ఊటీని ఎంచుకోవడంలో అర్థం ఉంది. తూర్పు జర్మనీ ఓర్వో ఫిల్ము, బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ కెమెరా కూడా ఆ కాలానివే. క్లిక్ కెమెరాలో 120 రోలు వేస్తే 12 ఫొటోలు. ఇళ్ళలో తీసిన ఆ రోళ్ళు కూడా కడగడానికి స్టూడియోకే వచ్చేవి. ఆస్పత్రుల ఎక్స్‌రే గదులు మరో రకం చీకటి గదులు. అక్కడి పాత హైపోలో కరిగిన వెండి కోసం కొనేవాళ్ళు వచ్చేవారు.

కొడాక్ 1972లో తెచ్చిన సి-41 కలర్ పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల వేడి మీద ఉండాలి, సమయం 3 నిమిషాల 15 సెకన్లు. మన ఎండలకు దగ్గరి అంకె అయినా, ఆ వేడిలో పావు డిగ్రీ అటూ ఇటూ అయితే రంగు మారుతుంది. అది యంత్రాల పని. కలర్ రోళ్ళు పెద్ద ఊళ్ళ ల్యాబ్‌లకు వెళ్ళాయి. ఊరి చీకటి గదికి నలుపు తెలుపు పాస్‌పోర్టు ఫొటోలు కొన్నాళ్ళు తిండి పెట్టాయి. 2000 తర్వాత డిజిటల్ కెమెరా, ఇంక్‌జెట్ ప్రింటరు వచ్చి అదీ పోయింది. హైపో మాత్రం ఈ తీరంలో ఇంకా సంచులు సంచులుగా అమ్ముడవుతోంది. రొయ్యపిల్లల హేచరీల్లో నీటిలోని క్లోరిన్‌ను విరవడానికి అదే వాడతారు.

మిగిలిన నెగిటివ్‌లు

సరిగ్గా కడగని ఫొటోలో మిగిలిన హైపో వెండిని పట్టుకుని పసుపు, గోధుమ రంగు మచ్చలుగా మారుస్తుంది. తేమకు జెలటిన్ మీద బూజు పడుతుంది. అసిటేట్ ఫిల్ము వేడికి, ఉక్కకు పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వేస్తుంది; అలాంటివాటిని మిగతావాటి నుంచి వెంటనే విడదీయాలి. గాజు పలకల్ని గీకి కడిగి పటాలకు అద్దాలుగా వాడడం, ఫిల్మును వెండి కోసం అమ్మేయడం దేశమంతటా జరిగింది.

1977 నవంబరు 19న దివిసీమను, ఇవతలి గట్టున రేపల్లె, బాపట్ల ప్రాంతాలను ముంచిన ఉప్పెన తర్వాత ఈ తీరానికి నీట మునిగిన ఫొటో కొత్త కాదు. మునిగిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే ఆరబెట్టకూడదు, ఆరితే ఇక విడిపోవు. చల్లటి మంచినీళ్ళలో ఉంచి, మెత్తబడ్డాక నీటిలోనే విడదీసి, బొమ్మ వైపు పైకి పెట్టి నీడలో ఆరనివ్వాలి. పొడిగా ఉన్న నెగిటివ్‌లను ప్లాస్టిక్ సంచుల్లో కాక కాగితం కవర్లలో, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టాలి; అంచులే పట్టుకోవాలి. తెల్లటి వెలుతురు పలక మీద పెట్టి ఫోన్ కెమెరాతో తీసి, రంగులు తిరగేస్తే బొమ్మ వస్తుంది. అలా తీసేటప్పుడు నెగిటివ్‌లో మెరిసే వైపు కెమెరా వైపు, మందు పూసిన మసక వైపు వెలుతురు వైపు ఉండాలి. తిరగబడితే కుడి ఎడమలు తారుమారై, కుడి పమిట పడుతుంది, బోర్డు మీది అక్షరాలు అద్దంలోలా కనిపిస్తాయి.